వెళ్ళే బాణం, వచ్చే బాణం

పెద్దామె దగ్గింది. ఊరికే దగ్గే మనిషి కాదు. దగ్గిందంటే ఏదో చెప్పబోతోంది, లేదా చెప్పబోయి మింగేసింది, అదీ కాకపోతే ఎదుటివాళ్ళు తనని చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి దగ్గింది. చిన్నామె తల ఎత్తలేదు. ఎత్తకపోయినా చూపు మాత్రం భూతద్దం అంచు మీదుగా పాకుతూ పోయి ఎదుటి బల్ల మీద వాలింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న చెయ్యి వణకడం లేదు. తప్పు చేసిన చెయ్యి వణకాలి కదా అనుకుంది ముందు. తర్వాత, తప్పు చేసి అలవాటైన చెయ్యి ఎందుకు వణుకుతుంది అనుకుంది. ఐరన్ కొన దగ్గర సన్నని పొగ లేచి, కిటికీ వైపు వంగి, ఎవరో పిలిచినట్టు బయటికి పోయింది. సారు కింద బండి ఎక్కి ఎంతసేపయిందో. పోయి రావడానికి గంట పడుతుందన్నాడు. ఆ గంటలో తను ఒక పేరు సిద్ధం చేసి పెట్టుకోవాలి.

మెట్ల మీద నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. "చూడమ్మా, నీ దగ్గర దీపం వెలిగిన బోర్డు ఆ గోదాములోకి పోయేసరికి నోరు మెదపట్లేదు. ఒకటి కాదు, డబ్బాకి డబ్బా. ఇక్కడ బాగుండి అక్కడ చచ్చిందంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు. మధ్యలో కూర్చునేదానివి నువ్వే. నేను తిరిగొచ్చేసరికి నాకు పేరు కావాలి. ఎవరైనా సరే, రేపు పనిలోకి రానక్కర్లేదు." ఎవరైనా సరే అన్నప్పుడు ఆయన కళ్ళు తలుపు వైపు తిరిగాయి. తలుపు అవతల పెద్దామె. ఆయనకీ అదే అనుమానమా, లేక తన అనుమానాన్ని ఆయన కళ్ళలో తనే చదువుకుందా? ఒకవేళ తగ్గు గొంతుతో చెప్పడం కూడా నాటకమేమో. పని తగ్గిపోయి, ఇద్దరిలో ఒకరిని తియ్యాలనుకుని, ఆ మాట తన నోటితో అనలేక, తోడికోడళ్ళ మధ్య పుల్ల పెడితే వాళ్ళలో వాళ్ళే తేల్చుకుంటారనుకున్నాడేమో. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఆ గదిలో జరిగే పని అంతా కలిపి చూస్తే, తెలివి ఉండీ నోరు లేనివాటికి నోరు పెట్టడమే. అరచేతిలో ఇమిడే బోర్డులు, ప్రయోగాలు చేసుకునేవాళ్ళు కొనుక్కునేవి, అట్టపెట్టెల్లో వస్తాయి. వాటికి లెక్కలు వచ్చు, దీపాలు ఆర్పడం వెలిగించడం వచ్చు. కానీ గోదాముల్లో బస్తాలు తూచే పాత కాటాలు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులోంచే మాట్లాడతాయి, వేరే భాష వాటికి రాదు. కాటా గొంతు పెద్దది, బోర్డు చెవి చిన్నది. నేరుగా కలిపితే చెవి మాడిపోతుంది. అందుకని మధ్యలో ఒక బిళ్ల పెడతారు, గొంతు తగ్గించి చెప్పే మధ్యవర్తి లాంటిది. ఆ బిళ్లని బోర్డుకి అతికించి, బిళ్ల అంచున ఉన్న బెజ్జాల్లోంచి పోర్టుకి మూడు వైర్లు లాగాలి. తెల్లది లోపలి మాట బయటికి పోయే దారి. నీలంది బయటి మాట లోపలికి వచ్చే దారి. నల్లది ఇద్దరికీ ఉమ్మడి నేల. అతికించేది పెద్దామె. పరీక్షించేది చిన్నామె. మూట కట్టి బండి మీద వేసుకుపోయేది తుఫాను అని అందరూ పిలిచే మనిషి. గదిలో వాళ్ళకి పేర్లతో పని లేదు, ఒకే ఇంటి నుంచి ఇద్దరు కోడళ్ళు వచ్చేసరికి మొదటిరోజే పెద్దామె, చిన్నామె అయిపోయారు.

తుఫాను సంగతి ముందే ఆలోచించింది. వాడు బండి నడిపితే గుంతలే పక్కకి తప్పుకోవాలి. కానీ గుంతల్లో ఎగిరితే వైరు తెగుతుంది, పిన్ను వంగుతుంది. తిరిగొచ్చిన బోర్డుల్లో తెగినదీ లేదు, వంగినదీ లేదు. కొత్త పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. పైగా తుఫానుకి ఏ వైరు ఎందుకో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. చెడగొట్టాలంటే ముందు బాగుండటం అంటే ఏమిటో తెలియాలి. అది తెలిసిన చెయ్యి ఈ గదిలో ఒక్కటే. సీసం చుక్కని చూసి అది పట్టిందో పట్టనట్టు నటిస్తోందో చెప్పగల చెయ్యి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, తన చేతి కింద డబ్బా డబ్బా పాడయిపోతుంటే తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

కారణం కావాలంటే కారణమూ ఉంది. పరీక్ష బల్ల దగ్గర కుర్చీ ఖాళీ అయినప్పుడు అది పెద్దామెకి వస్తుందని గదిలో గోడలు కూడా అనుకున్నాయి. ముందు వచ్చింది ఆమె. చిన్నామెని ఈ పనిలోకి తెచ్చింది ఆమె. ఐరన్ ఎలా పట్టుకోవాలో, సీసం ఎంత కరగాలో, కొన ఎప్పుడు తుడవాలో, మణికట్టు పట్టుకుని నేర్పింది ఆమె. అప్పుడు నొక్కిన నొక్కుకి మణికట్టు ఎర్రబడింది. అది నేర్పడమా, కసి తీర్చుకోవడమా అని ఇంటికెళ్ళేదాకా ఆలోచించి, మొగుడితో చెబితే, "అక్కడ కూడా మీ గోలేనా" అని అటు తిరిగి పడుకున్నాడు. సారు ఆ కుర్చీ చిన్నామెకి ఎందుకిచ్చాడో ఇప్పటికీ తెలియదు. కళ్ళు చిన్నవయసువి కాబట్టి అన్నాడు. ఆరోజు పెద్దామె నవ్వి, "మంచిదే, నాకు ఇక్కడే గాలి వస్తుంది" అంది. గాలి. ఆ కిటికీ లోంచి ఎండ తప్ప గాలి వచ్చిన రోజు చిన్నామె ఎరగదు. కడుపులో మండుతున్నవాళ్ళే గాలి గురించి మాట్లాడతారు.

"ఏం చూస్తున్నావే?" అంది పెద్దామె, తల ఎత్తకుండానే. "నా మొహం మీద ఏమైనా రాసుందా?"

"నిన్నెవరు చూశారు? గోడ మీది వైర్ల బొమ్మ చూస్తున్నా."

"బొమ్మ నీ వెనకుంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చూపు గురించి అడిగేది చూడబడుతున్నవాళ్ళు కాదు, చూస్తారని భయపడేవాళ్ళు. అది కూడా ఒక గుర్తే. చిన్నామె ఒక బోర్డు చేతిలోకి తీసుకుంది, పని చేస్తున్నట్టు. పోర్టులో రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ తన జడ పిన్ను వంచి తగిలించింది. ఎప్పుడూ చేసే పరీక్షే. బోర్డు ఒక అక్షరాన్ని బయటికి పంపుతుంది, అది పిన్ను మీదుగా గుమ్మం దాటీ దాటకుండానే వెనక్కి తిరిగి, పంపిన బోర్డు చెవిలోనే పడుతుంది. తన మాట తనకి వినబడిందంటే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వెలిగింది. తీసి పక్కన పెట్టింది. ఇంకోటి. వెలిగింది. వెలగకపోతే బాగుండును. ఒక్కటి ఆరి ఉన్నా, ఇదిగో సార్, ఇక్కడే దొరికింది అని చూపించవచ్చు. అన్నీ ఇక్కడ వెలిగి, అక్కడికెళ్ళి ఉలుకూ పలుకూ లేకుండా ఉండటం ఏమిటి? పరీక్ష అయ్యాక మూట కట్టేదాకా డబ్బా ఎక్కడుంటుంది? పెద్దామె బల్ల కింద. ఎందుకు ఆమె బల్ల కింద? ఎప్పటినుంచి? ఎప్పుడూ అక్కడే ఉంటుంది, ఆ సంగతి చిన్నామెకి తెలుసు, అయినా ఇవాళ అది కొత్తగా కనిపించింది.

ఇంట్లోనూ అంతే. మధ్య గోడ ఒకటే. అటు పెద్దామె గది, ఇటు వీళ్ళది. బావగారు పోయాక అటువైపు మాటలు తగ్గాయి గానీ, తన కూతురు అటు వెళ్ళినప్పుడు మాత్రం గోడ అవతల నవ్వులు వినిపిస్తాయి, తను గుమ్మంలోకి రాగానే ఆగిపోతాయి. ఎందుకు ఆగాలి? తన గురించి కాకపోతే ఆగాల్సిన పనేముంది? ఒకసారి తను జ్వరంతో మంచం పట్టినప్పుడు పెద్దామే పిల్లకి తల దువ్వింది, జడ వేసింది, బడికి పంపింది. జ్వరం తగ్గింది, పిల్ల మాత్రం తిరిగి రాలేదు. రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని అటు పరిగెడుతుంది. "పెద్దమ్మ వేస్తేనే జడ గట్టిగా ఉంటుందమ్మా" అంటుంది. జడ గట్టిగా ఉండటం ఏమిటి, పిల్ల మనసుకి ముడి వేసింది గానీ. మేలు చేసినవాళ్ళని ఏమీ అనలేం, అదే వాళ్ళ బలం. బావగారు పోయాక నెల తిరక్కుండా పెద్దామె మళ్ళీ పనిలోకి వచ్చి కూర్చుంది, కంట తడి లేదు. రాయి అనుకుంది చిన్నామె. తర్వాత ఒకరోజు ఐరన్ మీద వంగి ఉన్న మనిషి ముక్కు ఎగబీల్చడం విని, ఏంటక్కా అంటే, పొగ అంది. పొగ కిటికీ వైపు పోతోంది. ఆ సంగతి అప్పుడు చూసింది చిన్నామె, చూసి కూడా, నా ముందు ఏడవకపోవడం ఎందుకు, నన్ను పరాయిదాన్ని చెయ్యడానికి కాకపోతే, అనుకుంది.

"పేరు చెప్పమన్నాడా?"

చేతిలో బోర్డు జారబోయి ఆగింది. "ఏ పేరు?"

"మెట్ల మీద మాట గదిలోకే వస్తుంది. ఇన్నేళ్ళ నుంచి ఎక్కి దిగుతున్నావు, ఆ మాత్రం తెలీదా?" ఐరన్ కొనని తడి స్పాంజి మీద తుడిచింది, చుయ్‌మంది. "చెప్పుకో. నాదే చెప్పుకో. రేపు పొద్దున పిల్ల జడ మాత్రం నువ్వే వేసుకో."

"నేనేమీ అనలేదు."

"నువ్వు ఎప్పుడన్నావు గనక. అనుకుంటావు. అనుకునేవాళ్ళ కన్నా అనేవాళ్ళు నయం."

కింద రోడ్డు మీద బండి శబ్దం, సారుది కాదు, దాటిపోయింది. అంతా తెలిసి కూడా ఇంత నింపాదిగా కూర్చుందంటే, చేతిలో ఏదో పెట్టుకునే కూర్చుంది. ఏం పెట్టుకుంది? తను పేరు చెప్పగానే ఆమె కూడా ఏదో చెబుతుంది. ఏం చెప్పగలదు? తన పనిలో లోటేముంది, ప్రతి బోర్డూ పరీక్షించే పంపింది. చిన్నామె మనసు వెనక్కి నడవడం మొదలుపెట్టింది, చీకటి గదిలో గోడ తడుముకుంటూ నడిచినట్టు. పెద్దామె ఈమధ్య వింతగా ఎప్పుడు ప్రవర్తించింది? ఒకసారి లేచి తన బల్ల దగ్గరికి వచ్చింది. లేచే అలవాటే లేని మనిషి. కొత్త బిళ్లల పెట్టె విప్పిన రోజు. అవును, పాత బిళ్లలు అయిపోయి, వేరే చోటి నుంచి కొత్తవి వచ్చాయి, నల్లగా, నునుపుగా. ఒక బిళ్లని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తన భుజం పక్కన నిలబడింది. ఎందుకొచ్చింది? ఏం చూడటానికి? తన జడ పిన్నునా, తన కుర్చీనా? ఏదో అడిగింది కూడా. ఏం అడిగింది? అప్పుడు సారు కింద నుంచి కేకలు పెడుతున్నాడు, సరుకు ఇంకా కట్టలేదా అని. పెద్దామె గొంతు గుర్తుంది, మాటలు గుర్తులేవు. గొంతులో కొంచెం సంకోచం ఉంది, అది తనకి బాగుంది. తన దగ్గరికి వచ్చి అడుగుతోంది, నేర్పిన మనిషి వచ్చి అడుగుతోంది. ఆ బాగుండటం గుర్తొచ్చేసరికి దాని తోక పట్టుకుని మాటలు కూడా వచ్చాయి.

"ఇది అటుదిటు లేదూ?" అంది పెద్దామె.

తనేమంది? జడ పిన్ను తగిలించి, దీపం చూపించి, "వెలిగింది కదక్కా, ఇంకేం కావాలి? నీ పని నువ్వు చూసుకో" అంది.

చిన్నామె లేచింది. లేచినందుకు పెద్దామె ఏమనుకుంటుందోనని నీళ్ళు తాగడానికన్నట్టు కుండ దాకా పోయి, వస్తూ వస్తూ సారు అరలో నమూనాకి ఉంచిన పాత బోర్డు తీసుకుంది. భూతద్దం కింద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టింది. బిళ్ల అంచున బెజ్జాల పక్కన వెంట్రుక మందాన చిన్న బాణాలు అచ్చేసి ఉన్నాయి. పాత బిళ్లలో ఎడమ బెజ్జం పక్కన బాణం బయటికి పోతోంది, దాని తర్వాతది లోపలికి వస్తోంది. కొత్త బిళ్లలో ఎడమది లోపలికి వస్తోంది, తర్వాతది బయటికి పోతోంది. గోడ మీద అతికించిన బొమ్మ పాత బిళ్లది. తెల్ల వైరు ఎడమ బెజ్జంలోకి అని బొమ్మ చెబుతోంది, పెద్దామె చేతులు అలాగే పెట్టాయి. కాటా మాట్లాడాల్సింది బోర్డు చెవిలో. ఇప్పుడు అది బోర్డు నోట్లో మాట్లాడుతోంది. రెండు నోళ్ళు ఒకదానికొకటి ఎదురుగా, రెండు చెవులు ఒకదానికొకటి ఎదురుగా, ఇంక ఎవరు వింటారు?

మరి దీపం? దీపం ఎందుకు వెలిగింది? చేతిలో ఉన్న కొత్త బోర్డు తెల్ల వైరూ నీలం వైరూ తనే విప్పింది, తన బల్ల మీది చిన్న ఐరన్‌తో. అటుదిటు మార్చి అతికించింది. జడ పిన్ను తగిలించింది. వెలిగింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ మునుపట్లా అతికించింది, తగిలించింది. వెలిగింది. చిన్నామె ఆ ఆకుపచ్చ చుక్కని చూస్తూ కూర్చుంది. రెండు పిన్నుల్నీ ఒకటి చేసేశాక ఏది నోరో ఏది చెవో దానికేం తెలుస్తుంది? ఎటు నుంచి పోయినా తన మాటే తిరిగొచ్చి తనకే వినబడుతుంది, వినబడగానే సంతోషపడి వెలుగుతుంది. ఇన్నాళ్ళూ ఇదా తను నమ్మింది, మనుషుల్ని వదిలేసి? ఎవరూ చెయ్యి పెట్టలేదు. డబ్బాలు డబ్బాలు, అన్నీ తన చేతి మీదుగా, తన దీపం కింద నుంచి, సరే పో అనిపించుకుని పోయాయి.

అయితే పెద్దామెకి తెలుసు. ఆరోజే తెలుసు. ఆ మాట సారుకి ఎందుకు చెప్పలేదు? మెట్ల మీద మాట విన్నప్పుడైనా తలుపు తీసుకుని, నేను అడిగాను సార్, ఇదే నా నోరు మూయించింది అని ఎందుకు అనలేదు? దాచి పెట్టుకుంది. సమయం కోసం దాచింది. తను నోరు తెరిచి పేరు చెప్పగానే, నిండు గదిలో, సారు ముందు, తుఫాను ముందు, నెమ్మదిగా ఐరన్ పక్కన పెట్టి ఆ మాట బయటికి తీస్తుంది. ఎంత ఓపిక. చిన్నామె ఆ ఓపికకి భయపడింది. భయపడుతూనే తల ఎత్తి సూటిగా చూసింది ఈసారి. పెద్దామె కూడా ఇటే చూస్తోంది, బల్ల మీద పక్కపక్కన ఉన్న రెండు బోర్డుల్ని, విప్పి అతికించిన వైర్లని. ఆ మొహంలో గెలిచిన జాడ ఎంత వెతికినా దొరకలేదు. దొరక్కపోయేసరికి చిన్నామెకి మరీ అనుమానం వచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. సారు వెనక తుఫాను, వాడి భుజం మీద తిరిగొచ్చిన డబ్బా.

"ఏమ్మా," అన్నాడు సారు, చెమట తుడుచుకుంటూ. "పేరు?"

"పేరు లేదు సార్." చిన్నామె పాత బోర్డూ కొత్త బోర్డూ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "బాణాలు చూడండి."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కిటికీ దగ్గరికి పోయి, అటూ ఇటూ తిప్పి చూశాడు. గోడ మీది బొమ్మ చూశాడు. ఆయనకి చెప్పక్కర్లేకపోయింది. "ఆ పిన్ను తగిలిస్తే ఎటున్నా వెలుగుతుంది కదా," అన్నాడు, ఎవరితోనూ కాదు. ఆ బొమ్మ గీసింది ఆయనే, ఆ పరీక్ష నేర్పిందీ ఆయనే. ఇటు తిరిగి, "ఎవరు కనిపెట్టారు?" అన్నాడు.

"అక్క."

"ఎప్పుడు?"

పెట్టె విప్పిన రోజు అంటే, మరి అప్పుడే ఎందుకు ఆపలేదు అంటాడు. అప్పుడు ఆపనిది ఎవరో చెప్పాలి. మెట్ల మీద ఆయన అడిగిన పేరు అదే. ఆ పేరుకి రేపు పని ఉండదు.

"ఇప్పుడే సార్," అంది పెద్దామె తన బల్ల దగ్గర నుంచి. ఐరన్ కొన తుడుస్తోంది. "మీరు మెట్లెక్కుతుంటే చూశాను."

సారు తల ఊపాడు. తుఫాను డబ్బా దించాడు. అయిపోయింది. ఒడ్డున పడ్డట్టే. ఎందుకు అంది ఆ మాట? ఇంత పెద్ద మేలు, అడక్కుండా, అలవోకగా, ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. రేపటి నుంచి కుళాయి దగ్గర ఆమే ముందు, పిల్ల జడ ఆమెదే, గోడ అవతల నవ్వులు ఆమెవే, ఏదన్నా అనబోతే ఒక్క దగ్గు చాలు. ఆరోజు నిన్ను కాపాడాను అని నోటితో అనక్కర్లేదు. అనకపోవడమే ఇంకా పెద్ద తాడు. కుర్చీ పోతే పోతుంది, ఈ తాడు మెళ్ళో పడితే జన్మకి ఊడదు.

"కాదు సార్," అంది చిన్నామె. గొంతు తనది కానట్టు గట్టిగా వచ్చింది. "కొత్త పెట్టె విప్పిన రోజే అడిగింది, అటుదిటు లేదూ అని. నేనే వినలేదు. దీపం చూపించి పంపేశాను."

తుఫాను ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, తాడు మరిచిపోయానంటూ కిందికి దిగిపోయాడు. సారు చూపులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "రేపటి నుంచి పరీక్ష బల్ల పెద్దామెది," అన్నాడు. "నువ్వు అతికించు. ముందు ఇవన్నీ విప్పండి, ఇద్దరూ కూర్చుని." గోడ మీది బొమ్మ పీకి, నలిపి జేబులో పెట్టుకుని, కొత్తది గియ్యడానికి పక్క గదిలోకి పోయాడు.

పెద్దామె ఐరన్ కింద పెట్టింది. "పిచ్చి పట్టిందా నీకు? గట్టెక్కించాను కదే!"

"అందుకే."

"అందుకే అంటే?"

"నువ్వు గట్టెక్కిస్తే బతికినంతకాలం ఆ గట్టు మీదే నిలబెడతావు నన్ను."

పెద్దామె కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత నవ్వింది. గోడ అవతల వినిపించే నవ్వే, ఈసారి ఆగలేదు, భుజాలు అదిరేదాకా నవ్వి, కళ్ళు ఒత్తుకుని, డబ్బాలోంచి ఒక బోర్డు తీసి చిన్నామె చేతిలో పెట్టింది.

"నిలబెట్టేదాన్నే," అంది.

ఇన్నేళ్ళలో పెద్దామె అన్న మాటల్లో చిన్నామె విన్న వెంటనే నమ్మింది అదొక్కటే.